పొడి డబ్బా సంగతి తర్వాత, ముందు రాత్రి పది గంటల పళ్లెం

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. నాన్నగారికి 61 ఏళ్లు. లివర్ సిర్రోసిస్ (కాలేయం గట్టిపడే జబ్బు) అని నిరుడు బరంపురం పెద్దాసుపత్రిలో చెప్పారు. తాగుడు ఆ రోజుతోనే మానేశారు. పొట్టలో నీరు ఒకసారి తీశారు. ఇప్పుడు నీటి మాత్రలు వాడుతున్నారు, అయినా కొంత నీరు ఉంటూనే ఉంది. మనిషి మాత్రం చిక్కి సగమయ్యారు. జబ్బల మీద కండ లేదు. కింద కూర్చుంటే ఎవరో ఒకరు చేయి పట్టుకుని లేపాలి. తూకం చూస్తే 60 కిలోల దగ్గరే ఉంటోంది. అమ్మ గట్టి పత్యం పెడుతోంది. బార్లీ నీళ్లు, జావ, ఉప్పు లేని చారు, మెత్తటి అన్నం. పప్పు, గుడ్డు, చేప, నూనె ముట్టనివ్వదు. రాత్రి 7 గంటలకల్లా తినిపించి పడుకోబెడుతుంది. పొద్దున్న స్నానం, పూజ అయ్యాక 9 గంటలకు ఇడ్లీ. శనివారం ఒంటిపూట. నాలుగు నెలల కిందట మాట తడబడి, పగలూ రాత్రీ తేడా తెలియకపోతే ఆసుపత్రిలో చేర్చాం. అప్పటి నుంచి ప్రోటీన్ తింటే మళ్లీ మతి తప్పుతుందని చుట్టాలు భయపెడుతున్నారు. విశాఖలో ఉన్న తమ్ముడేమో ప్రోటీన్ పొడి డబ్బా పంపాడు. బీసీఏఏ అనే పొడి ఇంకా మంచిదట, అదీ కొంటానంటున్నాడు. రోజూ ఆరు గుడ్ల తెల్లసొన పెడితే రక్తంలో ఆల్బుమిన్ అనే మాంసకృత్తు పెరుగుతుందని బాబాయి అంటున్నారు. డాక్టరుగారు నడవమన్నారు, అమ్మ కదలనివ్వడం లేదు. ఏ పొడి కొనాలి? వ్యాయామం చేయించవచ్చా? పోయిన కండ తిరిగి వస్తుందా?

సమాధానం:

అమ్మా, పొడుల గురించి వివరంగా రాశారు. రాత్రి 7 గంటలకు తిని మర్నాడు 9 గంటలకు ఇడ్లీ తింటారన్న సంగతి మాత్రం మాటవరసకు చెప్పినట్టు చెప్పి వదిలేశారు. నాకు అన్నిటికంటే అదే పెద్ద విషయంగా కనిపించింది. 14 గంటలపాటు ఆయన కడుపులో ఏమీ పడటం లేదు. శనివారం సంగతి చెప్పనే అక్కరలేదు.

ఆరోగ్యంగా ఉన్న కాలేయం మనం తిన్న అన్నంలోంచి కొంత చక్కెరను గ్లైకోజెన్‌గా మార్చి దాచుకుంటుంది. రాత్రి మనం నిద్రపోతున్నప్పుడు దాన్ని కొద్దికొద్దిగా రక్తంలోకి వదులుతుంది. మెదడుకు ఆ చక్కెర కావాలి, నిద్రలో కూడా. గట్టిపడిన కాలేయంలో ఆ నిల్వకు చోటు తక్కువ. తొందరగా ఖాళీ అయిపోతుంది. అప్పుడు శరీరం కొవ్వును కరిగిస్తుంది, దాంతోపాటు కండలోని మాంసకృత్తులను విడగొట్టి వాటితో చక్కెర తయారుచేసుకుంటుంది. మామూలు మనిషి రెండు మూడు రోజులు పస్తుంటే ఒంట్లో ఏ మార్పులు వస్తాయో, సిర్రోసిస్ ఉన్నవారిలో ఒక్క రాత్రికే ఆ మార్పులు వస్తాయని 1980లలోనే గుర్తించారు. మీ నాన్నగారు ఏడాదిగా రోజూ ఆ పస్తు ఉంటున్నారు. తొడల్లో, జబ్బల్లో కండ ఎలా మిగులుతుంది?

60 కిలోల తూకాన్ని నమ్మకండి. కండ తరిగిన చోట నీరు చేరుతుంటే ముల్లు కదలదు. ఒక మోస్తరుగా నీరున్నవారికి మేము తూకంలోంచి పదో వంతు తీసేసి లెక్క వేస్తాం. కాళ్లకు వాపు కూడా ఉంటే మరికొంత. అంటే ఆయన అసలు బరువు 54 కిలోలు అనుకుందాం. ఈ ఉత్తరంలో లెక్కలన్నీ దాని మీదే వేస్తాను. డాక్టరుగారు వేరే అంకె చెబితే అదే పట్టుకోండి.

ఇక ఈ రాత్రి నుంచే చేయాల్సింది. రాత్రి భోజనం ఎప్పుడు పెట్టినా, పడుకోబోయే ముందు, తొమ్మిదిన్నర పది మధ్య, మరోసారి తినిపించాలి. నీళ్ల జావ కాదు, పళ్లెంలో పెట్టేంత తిండి. కనీసం 50 గ్రాముల పిండిపదార్థం, దానితో కొంచెం మాంసకృత్తులు ఉండాలి. రెండు మూడు గుప్పెళ్ల అటుకులు వేడిపాలలో నానబెట్టి, ఒక అరటిపండు ముక్కలు చేసి కలిపితే సరిపోతుంది. చోడి పిండిని నీళ్లలో కాకుండా పాలలో చిక్కగా కాచినా మంచిదే. శనగలు, గోధుమలు వేయించి పట్టించిన సత్తు పిండి, మీ దగ్గర ఛతువా అంటారు కదా, అది పాలలో కలిపి పెట్టవచ్చు. న్యూజిలాండ్‌లో 103 మంది సిర్రోసిస్ రోగులను రెండు జట్లు చేసి, ఏడాదిపాటు రోజుకు 710 కేలరీల పోషక పానీయం ఇచ్చారు. ఒక జట్టుకు పగలు, రెండో జట్టుకు రాత్రి 9 దాటాక. 2008లో ఫలితాలు వచ్చాయి. రాత్రి తాగినవారికి సుమారు 2 కిలోల కండకు సరిపడా మాంసకృత్తులు ఒంట్లో చేరాయి. పగలు తాగినవారికి ఆ లాభం రాలేదు. రెండు జట్లకూ ఇచ్చింది ఒకే పానీయం, మారింది వేళ ఒక్కటే.

పొద్దున్న లేచిన అరగంటలో ఒక గ్లాసు పాలు, రెండు బిస్కెట్లో పండో పడాలి. పూజ ఆ తర్వాత చేసుకోవచ్చు. ఆయన ఒప్పుకోకపోతే పాలు నైవేద్యం పెట్టి ప్రసాదంగా ఇవ్వండి, ఇలా చేసి ఒప్పించిన ఇళ్లు నాకు తెలుసు. పగలంతా మూడు నాలుగు గంటలకు ఒకసారి ఏదో ఒకటి తినాలి. శనివారం ఒంటిపూట మానేయాలి. కార్తీక మాసం ఉపవాసాలూ అంతే. దీన్లో బేరం లేదు.

అమ్మగారిని తప్పుపట్టకండి. మన ఊళ్లలో లివర్ పత్యం అనేది పచ్చకామెర్ల కాలం నుంచి వచ్చింది. చిన్నపిల్లలకు కలుషిత నీటి వల్ల వచ్చే కామెర్లు చాలావరకు కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గిపోతాయి. నూనె మానిపించినా తగ్గుతాయి, మానిపించకపోయినా తగ్గుతాయి. తగ్గిన ప్రతిసారీ పత్యానికీ, పసరు మందు పోసినవాడికీ పేరు వచ్చింది. రెండు మూడు వారాల జబ్బుకు ఆ పత్యం పెద్దగా నష్టం చేయలేదు. ఏళ్ల తరబడి ఉండే సిర్రోసిస్‌కు కూడా అదే పత్యం పట్టుకుంటే మనిషిని పస్తులు పెట్టినట్టే. ఈ తేడా అమ్మగారికి నిదానంగా చెప్పండి. ఏడాదిగా ఇంత శ్రద్ధగా వేళకు వండి పెట్టిన మనిషి, ఏం వండాలో తెలిస్తే అంతే శ్రద్ధగా అదీ వండుతారు.

ఇప్పుడు మతి తప్పడం గురించి. ఇది చుట్టాలు పుట్టించిన భయం కాదు. ఒకప్పుడు వైద్యులే సిర్రోసిస్ రోగులకు పప్పు, గుడ్డు తగ్గించమని రాసేవారు. మాంసకృత్తులు అరిగినప్పుడు పేగుల్లో అమ్మోనియా పుడుతుంది, దాన్ని శుభ్రం చేయాల్సిన కాలేయం చేయలేకపోతే అది మెదడుకు చేరుతుంది, కాబట్టి మాంసకృత్తులు తగ్గిస్తే సరిపోతుందని వారి తర్కం. వినడానికి బాగానే ఉంది. 2004లో స్పెయిన్ వైద్యులు మతి తప్పి ఆసుపత్రిలో చేరిన రోగుల్లో కొందరికి మాంసకృత్తులు తగ్గించి, కొందరికి మొదటి రోజు నుంచే మామూలుగా ఇచ్చి చూశారు. తగ్గించినందువల్ల ఒరిగింది లేదు. పైగా తగ్గించినవారిలో ఒంట్లోని మాంసకృత్తులు ఎక్కువగా కరిగాయి. కాలేయం దెబ్బతిన్నప్పుడు అమ్మోనియాలో చాలా భాగాన్ని పట్టి గ్లుటమిన్ అనే అమినో ఆమ్లంగా మార్చేది కండే. కండ తరిగిన కొద్దీ అమ్మోనియా నిలిచిపోతుంది, మతి తప్పే ప్రమాదం పెరుగుతుంది. మీ చుట్టాలు దేనికి భయపడుతున్నారో దాన్నే పత్యం దగ్గరికి తెస్తోంది.

నాలుగు నెలల కిందట అలా జరగడానికి కారణం చాలావరకు తిండి అయి ఉండదు. మలబద్ధకం, జ్వరం, పొట్టలో నీటికి ఇన్ఫెక్షన్, లోపల రక్తస్రావం, నీటి మాత్రలు ఎక్కువై ఒళ్లు ఎండిపోవడం, నిద్రమాత్రలు... సాధారణంగా కారణాలు ఇవే. అప్పటి డిశ్చార్జి కాగితంలో ఏం రాశారో చూడండి. లాక్టులోజ్ సిరప్ రాసి ఉంటే రోజుకు రెండు మూడుసార్లు మెత్తగా విరేచనం అయ్యేలా మోతాదు సర్దుకుంటూ వాడాలి. బాగుంది కదా అని ఆపేయకూడదు. ఇంకో చిన్న పని చేయండి. గోడ క్యాలెండరులో రోజూ ఆ రోజు గడిలో ఆయన చేత సంతకం పెట్టించండి. అక్షరాలు వంకర పోవడం, గడి దాటిపోవడం, వేరే తేదీ గడిలో సంతకం పెట్టడం కనిపిస్తే, మాట తడబడకముందే మీకు తెలుస్తుంది.

రోజుకు ఎంత మాంసకృత్తులు? కిలో బరువుకు 1.2 నుంచి 1.5 గ్రాములు. 54 కిలోలకు 65 నుంచి 80 గ్రాములు. శక్తి 1,900 కేలరీలకు అటూ ఇటూగా. ఇదంతా డబ్బాల్లోంచే రావాలని తమ్ముడు అనుకుంటున్నాడు. పర్లాకిమిడిలో ఉండి అలా అనుకోవడం విడ్డూరం. మీ ఊళ్లో ఏ మిఠాయి దుకాణంలో అడిగినా తాజా ఛెనా, అంటే పాలు విరగ్గొట్టి తీసిన ముద్ద, దొరుకుతుంది. ఉప్పు ఉండదు, చక్కెర కలపకముందే అడిగి తీసుకోవచ్చు. 50 గ్రాముల ఛెనాలో 9 గ్రాముల దాకా మాంసకృత్తులుంటాయి. పాలు, పెరుగు, పప్పుల నుంచి వచ్చేవి సిర్రోసిస్ రోగులకు మాంసం కన్నా బాగా సరిపడతాయి కూడా.

ఒక రోజు పళ్లెం చూద్దాం. లేవగానే గ్లాసు పాలు, 8 గ్రాములు. ఎనిమిదింటికి రెండు ఇడ్లీలు, సాంబారు, ఒక ఉడికించిన గుడ్డు, మొత్తం 13. పదకొండింటికి పాలు పోసి కాచిన చోడి జావ, 5. మధ్యాహ్నం రెండు కప్పుల అన్నం, పచ్చి బొప్పాయి, అరటికాయ వేసిన దాల్మా పప్పు, కప్పు పెరుగు, కలిపి 18. సాయంత్రం 50 గ్రాముల ఛెనా, 9. ఏడున్నరకు రొట్టెలో అన్నమో, పప్పు కూర, 10. పడుకునే ముందు పాలు అటుకులు, 10. కలిపితే 70 దాటింది. చేప తెచ్చిన రోజున మధ్యాహ్నం ఓ పెద్ద ముక్క వేసి సాయంత్రం ఛెనా మానేయవచ్చు. డబ్బా తెరవకుండానే లెక్క కుదిరింది. నూనె కూడా మామూలుగా వాడండి. కామెర్లు బాగా ముదిరి, తింటే జిడ్డు విరేచనం అవుతుంటే తప్ప మానిపించాల్సిన పని లేదు. మొదటి రోజే ఇదంతా పెట్టకండి. ఏడాదిగా ముడుచుకుపోయిన ఆకలి ఒక్కసారి తెరుచుకోదు, పొట్టలో నీరుంటే నాలుగు ముద్దలకే నిండినట్టు ఉంటుంది. పైగా చాలాకాలం సరిగా తినని ఒంటికి ఒక్కసారిగా ఎక్కువ తిండి పడితే రక్తంలో లవణాలు తారుమారవుతాయి. ఈ వారం రాత్రి పళ్లెం, లేవగానే పాలు, ఒక గుడ్డు. తర్వాత ఒక్కొక్కటే చేర్చండి. షుగరు ఉంటే మాత్రం ఈ పళ్లేన్ని డాక్టరుకు చూపించి మార్చుకోండి, ఉత్తరంలో మీరు ఆ మాట రాయలేదు.

ఉప్పు విషయంలో అమ్మగారు సగం కరెక్టు. నీరు చేరేవారికి రోజుకు సుమారు 5 గ్రాములు, అంటే వంటలో వేసేది, పదార్థాల్లో ఉండేది అంతా కలిపి ఒక టీ చెంచాకు మించకూడదు. ఊరగాయలు, ఎండు చేపలు, అప్పడాలు, వడియాలు, ప్యాకెట్ మిక్చరు పూర్తిగా బంద్. అలాగని చారులో చిటికెడు ఉప్పు కూడా లేకుండా చేస్తే ఆయన రెండు ముద్దలు తిని లేచిపోతారు. ఉప్పు మిగిలి, కండ పోతుంది. నిమ్మరసం, చింతపండు, జీలకర్ర, అల్లం, కొత్తిమీరతో రుచి తెప్పించండి. ‘తక్కువ సోడియం ఉప్పు’ అని ప్యాకెట్లలో అమ్మేది మాత్రం కొనకండి. దాన్లో పొటాషియం ఉంటుంది. నీటి మాత్రల్లో స్పైరోనోలాక్టోన్ ఉంటే అదే పొటాషియంను పెంచుతుంది, రెండూ కలిస్తే గుండె లయ తప్పవచ్చు. రోగిని చూడటానికి వచ్చేవాళ్లు మోసుకొచ్చే కొబ్బరిబొండాల విషయంలోనూ ఇదే జాగ్రత్త. పళ్లెంలో రాసిన అరటిపండు కూడా పొటాషియం పరీక్ష చూశాకే రోజూ పెట్టండి.

బాబాయిగారి తెల్లసొన సంగతి. ఆల్బుమిన్ తగ్గింది ఆయన గుడ్లు తినక కాదు. దాన్ని తయారుచేసేది కాలేయం, ఆ కాలేయమే నీరసించింది. గుడ్డులోని ఆల్బుమిన్ కడుపులోకి వెళ్లాక అన్ని మాంసకృత్తుల్లాగే అరిగిపోతుంది, రక్తంలోకి నేరుగా వెళ్లి కూర్చోదు. ఆరు తెల్లసొనలు తినలేక ముఖం తిప్పుకునే బదులు, పచ్చసొనతో సహా ఒక గుడ్డు ఇష్టంగా తింటే మేలు.

ఇప్పుడు డబ్బాలు. మామూలు ప్రోటీన్ పొడి అంటే పాలలోంచో సోయాలోంచో తీసి ఎండబెట్టిన తిండి. మందు కాదు, విషమూ కాదు. పళ్లెం ఖాళీ చేయలేనివారికి, పొట్ట నిండినట్టుండి నాలుగు ముద్దలే తినేవారికి అది పనికొస్తుంది. కానీ లేబుల్ మీద రాసినదంతా లోపల ఉంటుందని అనుకోకండి. కేరళ వైద్యులు మన దేశంలో అమ్ముతున్న 36 ప్రోటీన్ పొడులను పరీక్షించి 2024లో ఫలితాలు ప్రకటించారు. దాదాపు 70 శాతం డబ్బాల్లో మాంసకృత్తుల లెక్క తప్పు. కొన్నిటిలో చెప్పినదానిలో సగమే ఉంది. కొన్నిటిలో బూజు వల్ల పుట్టే అఫ్లాటాక్సిన్ కనిపించింది, అది నేరుగా కాలేయానికే దెబ్బ. మూలికలు కలిపిన పొడులైతే ఇంట్లోకి రానివ్వకండి. తిప్పతీగ, అశ్వగంధ వాడిన కొందరికి కాలేయం దెబ్బతిన్న సంగతి మన దేశపు వైద్యులే నమోదు చేశారు. సిర్రోసిస్ ఉన్న కాలేయానికి ఇంకో దెబ్బ తట్టుకునే శక్తి ఉండదు. నేల ఉసిరి పసరుకూ ఇదే మాట.

బీసీఏఏ అంటే ల్యూసిన్, ఐసోల్యూసిన్, వాలిన్ అనే మూడు అమినో ఆమ్లాలు. సిర్రోసిస్‌లో రక్తంలో ఇవి తగ్గుతాయన్నది నిజం, వీటిని కాలేయం కంటే కండే ఎక్కువగా వాడుకుంటుందన్నదీ నిజం. జపాన్‌లో రోజుకు 12 గ్రాముల చొప్పున రెండేళ్లపాటు ఇచ్చి చూసిన పెద్ద పరిశోధనలో జబ్బు ముదరడం కొంత తగ్గింది. ఇటలీలోనూ కొంత మేలు కనిపించింది, అయితే ఆ రుచి భరించలేక మధ్యలో మానేసినవారు ఎక్కువ. చాలా పరిశోధనలను కలిపి చూసినప్పుడు, మతి తప్పే సమస్య తగ్గుతుందని తేలింది, ఆయుష్షు పెరిగినట్టు మాత్రం తేలలేదు. మీ నాన్నగారికి ఆ సమస్య ఒకసారి వచ్చింది కాబట్టి డాక్టరుగారు రాస్తే తప్పకుండా వాడండి. కానీ వ్యాయామశాలల కుర్రాళ్ల కోసం రంగులూ తీపి కలిపి అమ్మే డబ్బా వేరు, ఆసుపత్రిలో రాసేది వేరు. ఇంకో మాట, కండ కట్టడానికి ఈ మూడూ చాలవు, మిగతా అమినో ఆమ్లాలన్నీ కావాలి. పప్పు, పాలు లేకుండా బీసీఏఏ ఒక్కటే ఇస్తే ఇటుకలు లేకుండా మేస్త్రీని పిలిచినట్టే. హెచ్ఎంబీ అని, ల్యూసిన్ నుంచి వచ్చే పదార్థం, ఇంకొకటి వినిపిస్తుంది. దాని మీద జరిగినవన్నీ చిన్న పరిశోధనలు, దానికి ఇప్పుడే డబ్బు పోయకండి. విటమిన్ డి, జింక్ సిర్రోసిస్‌లో తరచుగా తక్కువగా ఉంటాయి. పరీక్ష చేయించి లోటు ఉంటే వాడటం మంచిదే. విటమిన్ ఎ, ఐరన్ ఉన్న బలం మాత్రలు మాత్రం మీ అంతట మీరు వేయకండి.

వ్యాయామం మాటకు వస్తే, తిండి లేకుండా వ్యాయామం చేయిస్తే ఉన్న కండా పోతుంది. అందుకే ఇంతసేపు తిండి గురించే రాశాను. రెండు వారాలు రాత్రి పళ్లెం సాగాక ఇది మొదలుపెట్టండి. దానికి ముందు డాక్టరును రెండు విషయాలు అడగాలి. ఎండోస్కోపీ చేశారా, అన్నవాహికలో ఉబ్బిన రక్తనాళాలు ఉన్నాయా, ఉంటే వాటికి బ్యాండ్లు వేయడమో మాత్రలు ఇవ్వడమో జరిగిందా అన్నది ఒకటి. బొడ్డు దగ్గర హెర్నియా ఉందా అన్నది రెండోది. ఈ రెండూ తేలకుండా బరువులు ఎత్తించకూడదు, ఊపిరి బిగబట్టి ముక్కాల్సిన పనేదీ చేయించకూడదు. నీళ్ల బకెట్టు, గ్యాస్ సిలిండరు కూడా బరువులే. టీవీలో చూసి కపాలభాతి చేయించే ఇళ్లు చాలా చూశాను. పొట్టలో నీరున్న మనిషి చేత పొట్టను అలా ఎగరేయించడం నాకు ఏ మాత్రం నచ్చదు.

మొదలుపెట్టడానికి ఒక కుర్చీ చాలు. చేతులున్న, కదలని, గట్టి కుర్చీని గోడకు ఆనించి వేయండి. ఆయన్ని కూర్చోబెట్టి, పాదాలు నేలకు పూర్తిగా ఆనించి, చేతులు గుండె మీద కట్టుకుని ఐదుసార్లు లేచి కూర్చోమనండి. మీరు పక్కనే నిలబడి ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకోండి. ఒక్కసారి కూడా లేవలేకపోతే అదీ రాసుకోండి. ఆసుపత్రుల్లో సిర్రోసిస్ రోగుల బలహీనతను కొలిచే పరీక్షలో ఇదీ ఒక భాగం. పరీక్షా ఇదే, వ్యాయామమూ ఇదే. మొదట్లో కుర్చీ చేతులు పట్టుకునే లేవనివ్వండి. సీటు మీద మడత దుప్పటి వేసి ఎత్తు పెంచితే సులువవుతుంది. కండ పట్టిన కొద్దీ దుప్పటి తీసేయవచ్చు. లేచేటప్పుడు గాలి బయటికి వదలాలి. నోటితో అంకెలు లెక్కపెట్టమనండి, మాట్లాడుతున్న మనిషి ఊపిరి బిగబట్టలేడు. ఐదు సార్లు, కాస్త విరామం, మళ్లీ ఐదు. దానితోపాటు కిటికీ ఊచలు పట్టుకుని మడమలు ఎత్తి దించడం, గోడకు అరచేతులు ఆనించి వెనక్కీ ముందుకీ వంగడం, అర లీటరు నీళ్ల సీసాలు రెండు చేతుల్లో పట్టుకుని మోచేతులు మడవడం. వారానికి మూడు రోజులు చాలు, మధ్యలో ఒక్కో రోజు విశ్రాంతి. నేల మీద కూర్చుని లేవడం ఇప్పుడే వద్దు.

మిగతా రోజుల్లో నడక. డాక్టరుగారు చెప్పింది సరైనదే, అమ్మగారి భయమూ అర్థమవుతుంది. ఇంటి వసారాలో పది నిమిషాలతో మొదలుపెడితే ఇద్దరి మాటా చెల్లుతుంది. తర్వాత వీధి చివరిదాకా, ఆ తర్వాత చల్లటి పూట కోట వైపు. అరగంట దాకా పెంచవచ్చు, ఒకేసారి కాకపోయినా మూడు విడతలుగా. నడుస్తూ మామూలుగా మాట్లాడగలగాలి, మాట మధ్యలో తెగుతుంటే వేగం తగ్గించాలి. నాడి చూసి లెక్కపెట్టకండి. ప్రొప్రానొలాల్, కార్వెడిలాల్ లాంటి మాత్రలు వాడుతుంటే నాడి ఎలాగూ నెమ్మదిగానే ఉంటుంది. తెల్లవారుజామున పరగడుపున నడిచే అలవాటు మన మగవాళ్లలో చాలామందికి ఉంది. మీ నాన్నగారికి అది నిషేధం. ఏదైనా తిన్న గంట తర్వాతే నడక.

మొదటి వారం తొడలు నొప్పి పెడతాయి. అప్పుడు పక్క మందుల షాపుకు వెళ్లి నొప్పి మాత్ర తెస్తారే, అక్కడ జాగ్రత్త. డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ లాంటివి సిర్రోసిస్‌లో మూత్రపిండాలను దెబ్బతీస్తాయి, నీటి మాత్రలను పనిచేయనివ్వవు, రక్తస్రావం తెప్పిస్తాయి. వేడి కాపడం పెట్టండి. తప్పనిసరైతే పారాసిటమాల్, అదీ డాక్టరు చెప్పిన మోతాదులోనే. రాత్రిపూట పిక్కలు పట్టేయడం ఈ జబ్బులో మామూలే, వ్యాయామం వల్ల అనుకుని మానేయకండి. ఎక్కువగా ఉంటే మాత్రం డాక్టరుకు చెప్పండి, నీటి మాత్రల మోతాదు చూస్తారు.

నల్లగా తారులాంటి విరేచనం, రక్తపు వాంతి, జ్వరంతో పొట్ట నొప్పి, పగలంతా మగత, మూత్రం బాగా తగ్గడం... వీటిలో ఏది కనిపించినా వ్యాయామం, పళ్లెం అన్నీ పక్కనపెట్టి ఆసుపత్రికి వెళ్లాలి, తెల్లవారేదాకా ఆగకుండా.

పోయిన కండ తిరిగి వస్తుందా అన్నారు. వస్తుంది, నిదానంగా, పూర్తిగా కాకపోవచ్చు. డెన్మార్క్‌లో 39 మంది రోగులతో చేసిన ఒక పరిశోధనలో 12 వారాలు, వారానికి మూడుసార్లు, దగ్గరుండి కండకు పని చెప్పారు. చేసినవారికి కాళ్ల బలమూ తొడ కండ మందమూ పెరిగాయి. వాళ్లది మరీ ముదిరిన జబ్బు కాదన్నదీ గుర్తుంచుకోవాలి. మీరు తూకాన్ని వదిలేసి రెండు కొలతలు చూడండి. కుర్చీలోంచి ఐదుసార్లు లేవడానికి పట్టే సెకన్లు వారానికోసారి, దర్జీ టేపుతో జబ్బ చుట్టుకొలత నెలకోసారి, ఎప్పుడూ అదే చేతికి, భుజానికీ మోచేతికీ సరిగ్గా మధ్యలో. సెకన్లు ముందు తగ్గుతాయి, టేపు ఆలస్యంగా కదులుతుంది. టేపు కదలలేదని రెండో నెలలో ఆపేసేవాళ్లే ఎక్కువ.

తాగుడు ఒక్కరోజులో మానేసిన మనిషి కాబట్టి నాకు ఆయన మీద ఆశ ఉంది. ఊళ్లో జీలుగు కల్లు మంచిది, ఇప్పసారా వేరు అనే స్నేహితులు ఉంటారు. ఈ కాలేయానికి అవన్నీ ఒకటే.

బరంపురం వెళ్లినప్పుడు ఈ కాగితం తీసుకెళ్లండి. నీరు తీసేస్తే అసలు బరువు ఎంత, పొటాషియం, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎలా ఉన్నాయి, విటమిన్ డి చూడాలా, కాలేయ మార్పిడి చేసే కేంద్రంలో ఒకసారి చూపించాలా అని అడగండి. మార్పిడి మాట ఎత్తడానికి డాక్టర్లు మొహమాటపడవచ్చు, మీరే అడగండి. మార్పిడి దాకా వెళ్లినా కండ ఉన్నవాళ్లే ఆపరేషన్‌ను బాగా తట్టుకుంటారు. తమ్ముడు పంపిన డబ్బా సీలు తీయకపోతే వెనక్కి తీసుకుంటారేమో కనుక్కోమనండి. తీసేసి ఉంటే, లేబుల్ ఫోటో తీసి డాక్టరుకు చూపించండి. మూలికలేవీ లేవని, ఉప్పు తక్కువేనని ఆయన చూసి సరేనంటే, రాత్రి పదింటి పాలలో ఒక చెంచా కలిపి ఆ డబ్బా పూర్తిచేయండి. ఇంకొకటి కొనక్కర్లేదు.